చక్కెర చెప్పే సూది

పొద్దున లేవగానే స్పిరిట్‌లో తడిపిన దూదితో వేలి కొస తుడుచుకుంటాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నేనున్న ఇల్లు ఒక్క క్షణం కనబడదు. బోధన్‌లో చెరకు బండ్లు పోయే రోడ్డు పక్కన, పెంకుల కప్పు కింద ఒక చిన్న గది కనబడుతుంది. స్పిరిట్ దీపం మీద నీళ్ల గిన్నె, గిన్నెలో నిలబెట్టిన గాజు గొట్టాలు, వాటి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ సన్నటి మనిషి. ఇంతలో వేలికి సూది గుచ్చుకుంటుంది. నెత్తుటి బొట్టును చిన్న పట్టీ ఒకటి లాక్కుంటుంది, ఐదు లెక్కపెట్టేలోగా అంకె వస్తుంది. డెబ్బై దాటాక నాకూ చక్కెర జబ్బు వచ్చింది. ఆ పట్టీలో సన్నటి లోహపు గీతలుంటాయి. చక్కెరను మాత్రమే గుర్తుపట్టే ఎంజైము పూత ఉంటుంది. రెండూ కలిసి నెత్తుటిలోని చక్కెరను అతి చిన్న కరెంటుగా మారుస్తాయి. ఇవాళ మందుల షాపులో దొరికే ఈ వస్తువును, ఇలాంటిది ఒకటి ఉండగలదని మా జిల్లాలో పదిమందికి కూడా తెలియని రోజుల్లో, తన చేతులతో చేయాలని చూసిన మనిషి దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఆయన పేరు ఖలీల్. ఊరంతా ఖలీల్ సాబ్ అనేది.

మాది రుద్రూర్ దగ్గర పల్లె. బాపు పసుపు, వరి పండించేవాడు. మా ఊళ్లో మెట్రిక్ పాసైన మొదటి ఆడపిల్లను నేనే. పాసైతే అయ్యాను కానీ ఆ చదువుతో ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. బోధన్‌లో ఒక డాక్టరు గారి దగ్గర మా మేనమామ కంపౌండరుగా ఉండేవాడు. ఆ డాక్టరు గారిది కోస్తా. నిజాంసాగర్ కాలువ కింద వాళ్ల అన్నగారికి పొలాలుంటే, ఆయన వెంట వచ్చి ఇక్కడే ఆస్పత్రి పెట్టుకున్నారు. ఆడవాళ్లు మూత్రం సీసాను మగవాళ్ల చేతికివ్వడానికి సిగ్గుపడి, పరీక్షే చేయించుకోకుండా వెళ్లిపోతున్నారని, చదువుకున్న ఆడపిల్ల ఎవరైనా దొరికితే బాగుండునని ఆయన మా మామతో అన్నారట. అట్లా పంతొమ్మిదేళ్ల వయసులో, అరవైల చివర, నేను ఖలీల్ సాబ్ గదిలో అడుగుపెట్టాను.

అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఇరవై ఏళ్లకు పైగా చక్కెర ఫ్యాక్టరీ లాబొరేటరీలో చెరకు రసం పరీక్షించి, ఆ పని మానుకుని డాక్టరు గారి దగ్గరికి వచ్చారు. మొదటి రోజు ఆయన నాకు పేరు కూడా చెప్పలేదు. గాజు గొట్టం ఒకటి చేతికిచ్చి, "ఏం రంగు?" అన్నారు.

"నీలం."

"ఎసొంటి నీలం?"

నేను గొట్టాన్ని మళ్లీ చూశాను. ఆయన కిటికీ దగ్గరికి తీసుకుపోయి గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టారు. "మైలుతుత్తం నీలమైతె చక్కెర లేదు. జరంత పచ్చ కలిసిందంటె మొదలైంది. పసుపుపచ్చ, నారింజ, ఆఖరికి ఇటుక రంగు. నీలానికీ పచ్చకూ నడుమ ఒక మనిషి బతుకు ఉంటది, బేటీ. నీలం అని ఊకె అనెయ్యకు, చూసి అను."

గొట్టంలోని ఆ నీలం మందునీళ్లలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచాలి. నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. ఆయన నా పెదవుల కదలిక చూసి, గోడ గడియారం వైపు చేయి చూపించేవారు. మనసు తొందరపడితే లెక్క తొందరపడుతుందనేవారు. ఆ ఐదు నిమిషాలూ ఆయన ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. డాక్టరు గారు పిలిచినా పలికేవారు కాదు. మొదట్లో అది నాకు చాదస్తంగా తోచింది. ఒకసారి నవ్వుతూ, ఫ్యాక్టరీ పనికీ ఈ పనికీ తేడా ఏమిటని అడిగాను. "ఆడ చక్కెర ఎక్కువుంటె సంబురం, గీడ ఎక్కువుంటె దుఃఖం. చక్కెర మాత్రం గదే," అన్నారు.

మా దగ్గరికి ఒక పటేలు వచ్చేవాడు. స్వీట్లు మానలేని మనిషి. డాక్టరు గారు కోప్పడతారని భయం. ఒక నెల వరసగా ఆయన సీసా నీలంగానే వచ్చింది. నేను సంతోషపడి రాసిచ్చాను. నాలుగోసారి ఖలీల్ సాబ్ ఆ సీసాను ఎత్తి చూసి, ఫ్యాక్టరీలో రసం చిక్కదనం చూడటానికి వాడే గాజు బుడ్డిలాంటిది అందులో వేశారు. అది నీళ్లలో మునిగినట్టే మునిగింది. ఆయన వరండాలోకి పోయి, పదిమందిలో కాకుండా, పటేలు పక్కన కూర్చుని మెల్లగా అడిగారు. "పటేలా, గిది నీదా, నీ బాయిదా?"

పటేలు నవ్వబోయి ఆగిపోయాడు. సగానికి సగం బావి నీళ్లు కలిపి తెస్తున్నాడు.

"జబ్బుకు చదువు రాదు పటేలా. రిపోర్టుల మనం ఏం రాసుకున్నమో దానికి ఎర్క లేదు. దాని పని అది చేసుకుంటనే ఉంటది," అన్నారు ఖలీల్ సాబ్. కోపం లేదు, వెక్కిరింపు లేదు. ఆ తరువాత పటేలు ఎన్నడూ నీళ్లు కలపలేదు. సీసా ఎర్రగా వచ్చిన రోజు తనే తల వంచుకుని లోపలికి వచ్చేవాడు.

ఇక పోశెట్టి సంగతి చెప్పాలి. ఆయన లేకపోతే ఈ కథే లేదు. పోశెట్టికి ముప్పై ఏళ్లుంటాయి. సొంత ఎడ్లజతతో ఇతరుల చెరకు ఫ్యాక్టరీకి తోలేవాడు. అంతకు ముందు ఏడాది దప్పికతో, ఎముకల గూడై మా దగ్గరికి వచ్చాడు. ఇన్సులిన్ మీద నిలబడ్డాడు. ఆయన భార్య గంగవ్వ అక్షరం రాని మనిషి. అయినా గాజు సిరంజి మరిగించడం, గీత వరకు మందు లాగడం, తొడకు పొడవడం నెలరోజుల్లో నేర్చుకుంది. మందు బుడ్డిని తడి ఇసుక పోసిన కుండలో దాచేది. మూడు రోజులకోసారి పొద్దున పోశెట్టి మూత్రం సీసా తెచ్చేవాడు. ఆ రంగును బట్టి డాక్టరు గారు మందు పెంచడమో తగ్గించడమో చేసేవారు.

చెరకు ఆడే కాలం. చలి బాగా ఉంది. ఆ రోజు పోశెట్టి సీసా నారింజ రంగుకు వచ్చింది. నేను గడియారం చూసే మరిగించాను, వెలుతురులో చూసే రాశాను. డాక్టరు గారు మందు కాస్త పెంచారు. పోశెట్టి సూది మందు వేయించుకుని, రెండు ముద్దలు తిని, బండి తీసుకుని ఫ్యాక్టరీ దగ్గర వరసలో నిలబెట్టాడు. మధ్యాహ్నానికి తూకమై ఇంటికి పోయి తిందామనుకున్నాడు. వరస కదలలేదు. ఒంటిగంట వేళ రోడ్డు మీద గలాటా వినిపించి నేనూ ఖలీల్ సాబ్ బయటికి వచ్చాం. బండి చక్రం పక్కన పోశెట్టి పడి ఉన్నాడు. లేపబోయిన వాణ్ని కొట్టాడట. ఏదో గొణుగుతున్నాడు. చుట్టూ బండ్లవాళ్లు నవ్వుతున్నారు.

"పొద్దుగాల్నే కల్లు దిగబోసిండు," అన్నాడొకడు.

ఖలీల్ సాబ్ దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని పోశెట్టి ఛాతీ మీద చేయి పెట్టారు. అంత చలిలో అంగీ పిండితే నీళ్లు కారేలా ఉంది. "తాగినోడు గిట్ల చెమటవట్టడు. బెల్లం ఎవరి దగ్గరున్నది? జల్ది!" అని అరిచారు. ఆయన అరవడం నేను విన్నది అప్పుడే. ఎవరి సద్దిమూటలోంచో బెల్లం గడ్డ వచ్చింది. పోశెట్టి తల ఒక పక్కకు తిప్పి, బెల్లాన్ని వేలితో నలిపి, గొంతుకు అడ్డం పడకుండా కొంచెం కొంచెంగా చెంప లోపల రుద్దుతూ కూర్చున్నారు. అటూ ఇటూ చెరకు బండ్లు, గాలి నిండా ఉడికే రసం వాసన. వాటి మధ్య ఒక మనిషి ఒంట్లో చక్కెర లేక చనిపోబోతున్నాడు. డాక్టరు గారు గ్లూకోజు సూదితో పరుగెత్తి వచ్చేసరికి పోశెట్టి కళ్లు తెరిచాడు. "నా ఎడ్లేవి?" అన్నాడు.

సాయంత్రం గది సర్దుతూ నేను ఏడ్చాను. రంగు సరిగ్గానే చూశానని, ఒట్టు పెట్టుకుంటానని అన్నాను.

"నీ రంగు తప్పు కాదు," అన్నారు ఖలీల్ సాబ్. "ఆ సీసల ఉన్నది రాత్రి ముచ్చట. రాత్రంత జమైన నీళ్లు. తెల్లారెటాల్లకు నెత్తుట్ల చక్కెర దిగిపోయిందేమో, సీసకు ఎట్ల తెలుస్తది? మనం నిన్నటి ఉత్తరం చదివి ఇయ్యాల జవాబు రాసినం. ఇప్పటి ముచ్చట నెత్తురే చెప్తది."

నెత్తుటి పరీక్ష అప్పటికీ ఉంది. కానీ దానికి నరం నుంచి సిరంజి నిండా నెత్తురు తీయాలి. గంటకు పైగా పని. రంగు పోల్చే యంత్రం నిజామాబాద్‌లో తప్ప లేదు. బండి తోలుకునే మనిషికి అది మూడు రోజులకోసారి అయ్యే పని కాదు.

ఫ్యాక్టరీలో పనిచేసే పాత స్నేహితుడొకాయన ఖలీల్ సాబ్‌కు చదివేసిన సైన్సు పత్రికలు ఇస్తుండేవాడు. వాటిలో ఒకదాంట్లో, విదేశాల్లో ఎవరో నెత్తుట్లో చక్కెరను కరెంటుతో కొలిచారని రెండు పేజీలు ఉన్నాయి. ఆయన నిఘంటువు పక్కన పెట్టుకుని వాటిని నెల రోజులు చదివారు. చదివి నాకు చెప్పారు. ప్లాటినం తీగ ఒకటి, వెండి తీగ ఒకటి ఉప్పునీళ్లలో ముంచి, చిన్న బ్యాటరీ తగిలిస్తే, ఆ నీళ్లలో ఎంత ప్రాణవాయువు ఉంటే అంత కరెంటు పారుతుంది. తీగ కొసన సన్నటి పొర చుట్టి, పొర మీద చక్కెరను తినే ఎంజైము ఉంచాలి. ఎంజైము చక్కెరను తింటున్నప్పుడు ప్రాణవాయువును కూడా వాడేసుకుంటుంది. కరెంటు తగ్గి, దాన్ని కొలిచే మీటరులో సూది దిగుతుంది. "సూది కిందికి దిగితె చక్కెర మీదికి ఎక్కినట్టు. సమజైందా?" అన్నారు. ఆయన కళ్లు మెరిశాయి.

ఆయన దగ్గర పాత ప్లాటినం తీగ ముక్క ఉంది. వెండి కోసం భార్య పాత కాలిగొలుసు ఒకటి కంసాలికిచ్చి తీగ లాగించారు. "ఒక్క కాలికి గొలుసు వేసుకొని తిరగాల్నా నేను?" అని ఆమె నా ముందే నవ్వుతూ తిట్టింది. కొలిచే సూది ఉన్న మీటరును హైస్కూలు సైన్సు మాస్టారు అరువిచ్చారు. పొరకు సిగరెట్టు పెట్టె మీది పలుచని తళతళలాడే కాగితం. ఎంజైము మాత్రం ఎక్కడా కొనడానికి దొరికేది కాదు. ఒక రకం నల్ల బూజులో అది ఉంటుందని పత్రికలో రాసి ఉంది. ఆయన చెరకు రసాన్ని వెడల్పాటి పళ్లేల్లో పోసి, ఆ బూజును పెంచి, ఇసుకతో నూరి, గుడ్డలో వడకట్టి, పొట్టులో కప్పిన మంచుగడ్డ మీద పెట్టేవారు. గది నిండా పుల్లటి వాసన. డాక్టరు గారు ముక్కు మూసుకుని వచ్చి చూసిపోయేవారు.

ఆరేడు నెలలు ఏమీ జరగలేదు. సూది అసలు కదిలేది కాదు, లేకపోతే పిచ్చిగా ఊగేది. ఆయన విసుక్కోవడం నేను చూడలేదు. రోజువారీ సీసాలన్నీ అయ్యాకే దాని ముందు కూర్చునేవారు. ఒక మధ్యాహ్నం, చక్కెర కలిపిన నీళ్లలో తీగ ముంచగానే సూది మెల్లగా, ముసలివాడు మెట్లు దిగినట్టు, కిందికి దిగింది. చక్కెర రెట్టింపు చేస్తే ఇంకా దిగింది. మామూలు నీళ్లలో పెడితే లేచి నిలబడింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. ఆయన తన వేలు గుచ్చుకుని నెత్తురు కలిపి చూశారు. అప్పుడూ దిగింది.

డాక్టరు గారు పొంగిపోయారు. "ఖలీల్ గారూ, ఇది మన చుట్టుపక్కల ఎవరూ చేసుండరండీ. నిజామాబాద్‌లో డాక్టర్లందరినీ పిలిచి చూపిద్దాం. ముందు మన పోశెట్టికి పెట్టి చూద్దాం. పాపం, ప్రతిసారీ గండమే కదా అతనికి."

"జర ఆగుండ్రి సార్," అన్నారు ఖలీల్ సాబ్. "ఏ నీళ్లు పెడుతున్ననో నాకు తెలిసినంక నా కన్ను సూదితోని కుమ్మక్కైతది. తెల్వకుంట చూడాలె."

ఆ పని నాకు అప్పగించారు. ఐదు సీసాలు నేనే సిద్ధం చేయాలి. కొన్నిటిలో చక్కెర ఉండాలి, కొన్నిటిలో ఉండకూడదు. దేనిలో ఏముందో చీటీ మీద రాసి నా కొంగున ముడేసుకోవాలి. ఆయనకు గానీ డాక్టరు గారికి గానీ చెప్పకూడదు. మర్నాడు అట్లాగే చేశాను. మూడింటికి గదిలో పరీక్షల కోసం ఉంచే డబ్బాలో నీళ్లు వాడాను. అవి అయిపోతే మిగతా రెండింటికి తాగే కుండలోంచి ముంచాను. ఆ రెండింటిలో చక్కెర వేయలేదు. ఖలీల్ సాబ్ ఒక్కో సీసాలో తీగ ముంచి, గడియారం చూసి, సూది చూసి, కాగితం మీద రాశారు. ఆయన భుజం మీదుగా నేను చదువుతూనే ఉన్నాను. చక్కెర లేని ఆ రెండు సీసాల దగ్గరా ఆయన "ఎక్కువ" అని రాశారు.

ఆయన కాగితం కింద పెట్టి నా వైపు చూశారు. చీటీ కోసం చేయి చాచారు. పొరలు చుట్టి చుట్టి ఆ వేళ్ల కొసలు పగిలి ఉన్నాయి. డాక్టరు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతులు కడుక్కుని వస్తానని నేను వెనక్కి పోయాను. కొంగు ముడి విప్పి, ఆ చీటీని రవికలో దాచి, ఇంకో కాగితం ముక్క మీద ఆయన రాసినట్టే రాశాను. అన్నీ సరిపోతే అనుమానం వస్తుందని ఒక్కదాంట్లో మాత్రం కొంచెం తేడా పెట్టాను. ఆ తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఖలీల్ సాబ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, గట్టిగా నవ్వారు. పళ్లన్నీ కనబడేట్టు, చిన్నపిల్లాడిలా. డాక్టరు గారు ఆయన భుజం తట్టి, "రేపు పోశెట్టి వచ్చే రోజే. దీంతో చూసి డోసు వేద్దాం," అన్నారు.

ఆ సాయంత్రం మామ ఇంట్లో కంచం ముందు కూర్చున్నాను. చక్రం పక్కన తడిసిన అంగీతో పడి ఉన్న మనిషే కళ్ల ముందు కనబడ్డాడు. సూది ఎక్కువని చెబితే డాక్టరు గారు మందు పెంచుతారు. తెల్లవారగానే పోయాను. ఖలీల్ సాబ్ అప్పటికే వచ్చి తీగ తుడుస్తున్నారు. వరండాలో పోశెట్టి, గంగవ్వ కూర్చుని ఉన్నారు. నేను తలుపు దగ్గరగా వేసి, రవికలోని చీటీ తీసి బల్ల మీద పెట్టాను. "సాబ్, నిన్న చూపిచ్చింది నేను దొంగగ రాసింది. అసలుది ఇది," అన్నాను.

ఆయన చాలాసేపు చదివారు. అందులో ఉన్నవి ఐదే ఐదు ముక్కలు.

"ఈ రెండిట్ల నీళ్లు ఎక్కడియి?"

"తాగే కుండలయి."

ఆయన లేచి కుండలోంచి నీళ్లు ముంచారు. చక్కెర పలుకు లేని చల్లటి నీళ్లలో తీగ పెట్టారు. సూది మెల్లగా కిందికి దిగింది. అవే నీళ్లను అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబరిచాక పెట్టారు. సూది లేచింది. "నా సూదికి చక్కెరైనా చలైనా ఒక్కటే," అన్నారు. తీగ తీసి తుడిచి బల్ల మీద పెట్టారు. తరువాత నా వైపు తిరిగి, "నువ్వు నా మీద మెహర్బానీ చేసినవ్. పోశెట్టి మీద చేయలే," అన్నారు. అంతే. నన్ను తిట్టిన మాట ఏదైనా ఉందంటే అది ఒక్కటే.

డాక్టరు గారు లోపలికి వచ్చారు. ఖలీల్ సాబ్ నా రెండు చీటీలూ జేబులో పెట్టుకుని, "సార్, ఇది పోశెట్టికి పెట్టొద్దు. చల్లనీళ్లకు కూడ దిగుతున్నది," అన్నారు.

"నిన్న సరిపోయిందన్నారు కదండీ?"

"నిన్న నేను చూసుడు తప్పైంది."

డాక్టరు గారి ముఖం వాడిపోయింది. ఇంత చేసి, చివరికి చూడటంలో పొరపాటా అని ఏదో అన్నారు. ఖలీల్ సాబ్ తల వంచుకుని విన్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నోరు తెరవబోతే, ఆయన నా వైపు చూడకుండానే చేతితో వద్దని సైగ చేశారు.

తరువాత ఆయన వరండాలోకి పోయి గంగవ్వ ముందు గొంతుక్కూర్చున్నారు. నిన్నటి వరకు కరెంటుతో కొలుద్దామనుకున్న మనిషి ఆ పొద్దున మామూలు సీసాతోనే ఒక దారి వెతికారు. "చూడు గంగవ్వా. పొద్దుగాల మొదటిసారి పోసింది పారబొయ్యాలె. గ్లాసెడు నీళ్లు తాపి, అరగంటైనంక మల్ల పోసిందే పరీక్ష చెయ్యాలె. మొదటిది రాత్రిది. రెండోదాంట్లనే జరంత ఇప్పటి ముచ్చట ఉంటది."

"గంతేనా సారూ?" అంది గంగవ్వ. "మొదటిది పారబోసుడు, రెండోది సూసుడు. గిది నేనే ఇంట్ల సేసుకోరాదా? గా నీలం మందు గిన్ని ఇయ్యి. పసుపు ఉడికిచ్చేదాన్ని, నాకు రంగులు ఎర్కలేవా?"

ఖలీల్ సాబ్ నా వైపు చూశారు. ఆ రోజు నుంచి నేను గంగవ్వకు ఐదు రంగులూ నేర్పాను. గడియారం లేదు కాబట్టి, మరిగించే ఐదు నిమిషాలకు నూరు అంకెలు మూడుసార్లు ఆయన చెప్పిన నిదానంతో లెక్కపెట్టించాను. రంగు నీలంగా ఉన్నప్పుడు మందు పెంచకూడదని, బండి వరసలో నిలబడే రోజు సద్ది వెంట ఉండి తీరాలని, చెమట పడితే వెంటనే బెల్లం తినాలని ఆమెకు వల్లె వేయించారు ఖలీల్ సాబ్. పోశెట్టి ఆ తరువాత ఎన్నడూ రోడ్డు మీద పడలేదు. నేను పై చదువుకు హైదరాబాద్ పోయేనాటికి ఇంకా బండి తోలుతూనే ఉన్నాడు. గంగవ్వ తన ఊళ్లో మరి ముగ్గురికి ఆ పరీక్ష నేర్పింది.

ఖలీల్ సాబ్ ఇంకో రెండేళ్లు ఆ సూదితో కుస్తీ పట్టారు. నీళ్లను ఒకే వెచ్చదనంలో ఉంచే గిన్నె చేశారు. ఎండాకాలం బూజు చచ్చిపోయేది, ఎంజైము రెండు రోజులకే పనికిరాకుండా పోయేది. ఒక రోజు తీగలన్నీ తుడిచి కర్రపెట్టెలో పెట్టి, మీటరును మాస్టారికి తిరిగి ఇచ్చి వచ్చారు. బాధపడ్డారా అని అడిగితే, "ఎందుకు? ఏది చెయ్యరాదో ఎర్కైంది కద," అన్నారు. నన్ను లాబ్ కోర్సులో చేరమని పట్టుబట్టింది ఆయనే. ఆడపిల్ల ఒంటరిగా పట్నంలోనా అని వెనుకాడిన బాపును ఒప్పించడానికి మా పల్లెకు సైకిల్ మీద రెండుసార్లు వచ్చారు.

డెబ్బైల మధ్యలో ఆయనకు పక్షవాతం వచ్చిందని తెలిసి చూడబోయాను. మాట కొంచెం ముద్దగా వస్తోంది కానీ అర్థమవుతోంది. ఆయన భార్య చాయ్ తేవడానికి లోపలికి పోయినప్పుడు, అన్నేళ్లుగా గొంతులో ఉన్నది అడిగేశాను. "సాబ్, ఆ రోజు డాక్టర్ సాబ్‌కు తప్పు మీదని ఎందుకు చెప్పిన్రు? మీరు ఎన్నడు అబద్ధమాడలే కద?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "అది అబద్ధం కాదు బేటీ. తప్పు నాదే. నా మీద పానం పెట్టుకున్నదాని చేతుల నా చీటీ పెట్టిన. ఎవరైన గట్లనే చేస్తరు. పరాయోల్లకు ఇయ్యాలె చీటీ."

ఆ మాట పట్టుకునే నలభై ఏళ్లు లాబుల్లో పనిచేశాను. కొత్త యంత్రం వచ్చినా, కొత్త మందు వచ్చినా, కొత్త పిల్ల పనిలో చేరినా, దాని మీద ఆశ లేని వాళ్ల చేతనే పరీక్ష చేయించాను. నేను ఇష్టపడ్డ యంత్రాన్ని నేను ఎన్నడూ పరీక్షించలేదు. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు నన్ను మహా కఠినమైన మనిషని అనుకున్నారు, నిజాయితీకి పెట్టింది పేరని ఒకసారి దండ కూడా వేశారు. వాళ్లకు ఖలీల్ సాబ్ గురించి చాలాసార్లు చెప్పాను. బెల్లం సంగతి, బావినీళ్ల సంగతి, కాలిగొలుసు సంగతి చెప్పాను. చల్లనీళ్లకు దిగిన సూది సంగతి చెప్పినప్పుడు మాత్రం, సాబ్ చూడటంలో పొరపాటు పడ్డారని, మర్నాడు ఆయనే కనుక్కున్నారని చెబుతూ వచ్చాను. డాక్టరు గారు అదే నమ్మి పోయారు. ఖలీల్ సాబ్ దాన్ని సరిదిద్దకుండానే పోయారు. ఆయన చూపులో పొరపాటు లేదు. ఆ రోజు ఆయన కాగితం మీద ఉన్నది, ఆ సూది ఏం చూపించిందో అచ్చంగా అదే. దొంగ చీటీ రాసింది నేను.